మొటిమలకు మాండెలిక్ సీరం.. కర్నూలు, కడప ఎండలో ఈ ‘జెంటిల్ యాసిడ్’ ఎంతవరకు సేఫ్?

ఆయిలీ స్కిన్‌కు, మొటిమలకు మాండెలిక్ యాసిడ్ బాగా పనిచేస్తుందంటూ రీల్స్ హోరెత్తిస్తున్నాయి. ఆ మాటలో నిజం ఉంది. కానీ రాయలసీమ ఎండకు, మెడికల్ షాపుల్లో అలవాటైన ‘తెల్ల ట్యూబు’కు ఆ రీల్స్‌లో చోటు లేదు. అసలు ముప్పు అక్కడే ఉంది.

ముఖానికి యాసిడ్ అంటే భయపడే రోజులు పోయాయి. ‘మాండెలిక్ యాసిడ్ 10 శాతం’ అని రాసిన చిన్న సీసా ఇప్పుడు హాస్టల్ గదుల్లో మామూలైపోయింది. కొన్ని వందల రూపాయలు పెడితే కర్నూలైనా, కడపైనా, ఆదోనైనా, ప్రొద్దుటూరైనా ఇంటికే వచ్చేస్తుంది. డాక్టర్ చీటీ అక్కర్లేదు. ఎలా వాడాలో 30 సెకన్ల వీడియో చెప్పేస్తుంది.

ఆ వీడియోల్లో ఎక్కువగా వినిపించే మాట ‘జెంటిల్’. అంటే చర్మాన్ని పెద్దగా మంట పెట్టకుండా పనిచేస్తుందని. ఇది అబద్ధం కాదు. అయితే ఒక మందు మెత్తనిదా, కటువైనదా అన్నది సీసాలో ఉన్నదాన్ని బట్టే తేలిపోదు. ఎంత శాతం, ఎంతసేపు ఎండలో ఉంటారు, అంతకుముందు ముఖానికి ఏం పూశారు.. ఇవన్నీ కలిస్తేనే లెక్క తేలుతుంది.

అసలేంటీ మాండెలిక్ యాసిడ్?

దీని పేరులోనే బాదం ఉంది. జర్మన్ భాషలో ‘మాండెల్’ అంటే బాదం. 1831లో జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ లుడ్విగ్ వింక్లర్ చేదు బాదం నుంచి తీసిన పదార్థంపై ప్రయోగాలు చేస్తూ దీన్ని గుర్తించారు. 1930ల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్లకు మందుగా కూడా వాడారు. చర్మ సంరక్షణలోకి వచ్చింది ఆ తర్వాతే.

అలాగని ఇంట్లో బాదం నూరి పూస్తే ఇదే ఫలితం వస్తుందనుకుంటే పొరపాటే. బాదం పేస్టులో ఈ యాసిడ్ ఉండదు. చేదు బాదంలో అయితే సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది కాబట్టి దాని జోలికే వెళ్లకూడదు.

ఇది ఆల్ఫా హైడ్రాక్సీ యాసిడ్స్ అనే కుటుంబానికి చెందింది. చెరకులో దొరికే గ్లైకోలిక్ యాసిడ్, పెరుగులో ఉండే లాక్టిక్ యాసిడ్ కూడా ఈ కుటుంబమే. ఇవి చర్మం పైపొరలో చనిపోయిన కణాలను పట్టి ఉంచే బంధాలను వదులు చేస్తాయి. దాంతో రంధ్రాల్లో పేరుకున్న జిడ్డు, మృతకణాలు తేలిగ్గా బయటకు వస్తాయి.

మరి తేడా ఎక్కడ? అణువు సైజులో. గ్లైకోలిక్ యాసిడ్ అణుభారం 76. లాక్టిక్ 90. మాండెలిక్ ఏకంగా 152. అంటే గ్లైకోలిక్‌కు రెట్టింపు. అణువు పెద్దది కావడంతో చర్మంలోకి నెమ్మదిగా దిగుతుంది. నెమ్మదిగా దిగితే మంట, ఎరుపు తక్కువ. కొంత నూనెలో కలిసే గుణం, బ్యాక్టీరియాను అదుపు చేసే గుణం కూడా ఉండటంతో జిడ్డు చర్మానికి నప్పుతుంది.

మన చామనఛాయ చర్మానికి ఈ ‘నెమ్మది’ చాలా ముఖ్యం. ఎందుకంటే మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. చిన్న మంట పుట్టినా, గీసుకున్నా అక్కడ నల్ల మచ్చ పడుతుంది. మొటిమ వారంలో పోతుంది, మచ్చ మాత్రం నెలల తరబడి ఉంటుంది. మొటిమ కంటే మచ్చే ఎక్కువ బాధపెడుతుందని చాలామంది చెప్పేది ఇందుకే.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఈ యాసిడ్‌పై మన దేశంలోనే అధ్యయనాలు జరిగాయి. ఢిల్లీ వైద్యులు 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 44 మందిని రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకు 35 శాతం గ్లైకోలిక్ పీల్, రెండో గ్రూపుకు 20 శాతం సాలిసిలిక్, 10 శాతం మాండెలిక్ కలిపిన పీల్ వేశారు. మొటిమలు, నల్ల మచ్చల విషయంలో రెండో గ్రూపులోనే మెరుగైన ఫలితం కనిపించింది.

2020లో ప్రచురితమైన మరో భారతీయ అధ్యయనం 45 శాతం మాండెలిక్, 30 శాతం సాలిసిలిక్ పీల్స్‌ను పోల్చింది. మొత్తమ్మీద రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఎర్రగా వాచిన మొటిమలకు మాండెలిక్, బ్లాక్‌హెడ్స్ లాంటి వాటికి సాలిసిలిక్ కాస్త మెరుగ్గా కనిపించాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ అధ్యయనాలన్నీ క్లినిక్‌లో డాక్టర్ల చేతుల మీదుగా జరిగినవి. పీల్ వేయడం, టైమ్ చూసి తీసేయడం, తర్వాత జాగ్రత్తలు చెప్పడం అన్నీ వాళ్లే చేశారు. ఇంట్లో వాడే 5, 10 శాతం సీరంకు ఆ ఫలితాలను యథాతథంగా అంటగట్టలేం. అలాగే ఆ 45 శాతం సీసాను ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లో ప్రయోగం చేయడం మరీ ప్రమాదం. ఎక్కువ శాతం ఉన్న కెమికల్ పీల్స్‌ను నిపుణుల పర్యవేక్షణ లేకుండా కొనొద్దు, వాడొద్దు అని అమెరికా ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది. కాలిన గాయాలు, ఇన్ఫెక్షన్లు, మచ్చలు రావచ్చని స్పష్టం చేసింది.

ఇంకో మాట. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024లో మొటిమల చికిత్సపై కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో గట్టిగా సిఫార్సు చేసినవి అడాపలిన్ లాంటి రెటినాయిడ్లు, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటివి. సాలిసిలిక్, అజెలాయిక్ యాసిడ్లకు షరతులతో కూడిన సిఫార్సు దక్కింది. అంటే మాండెలిక్ సీరం తోడుగా పనికొస్తుందే కానీ, మొటిమలకు మొదటి మందు అదే అనుకోవడానికి లేదు.

సోలార్ పార్కుకు వరమైన ఎండ.. చర్మానికి?

ఇప్పుడు రీల్స్ చెప్పని సంగతికి వద్దాం. పాత కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఊరికే కాదు. ఇక్కడ ఎండ ఎక్కువ, మబ్బు తక్కువ. వేసవిలో కర్నూలు, నంద్యాల, కడపల్లో 44, 45 డిగ్రీలు నమోదవడం కొత్త వార్తేం కాదు. ఆకాశం తేటగా ఉన్న వేసవి మధ్యాహ్నం ఇక్కడ యూవీ ఇండెక్స్ 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది ‘అత్యంత తీవ్రం’. 3 దాటితేనే రక్షణ తీసుకోవాలని ఆ సంస్థ చెబుతోంది.

ఆల్ఫా హైడ్రాక్సీ యాసిడ్లు చర్మం పైపొరను పలుచన చేస్తాయి కాబట్టి ఎండ దెబ్బ మరింత లోపలికి తగులుతుంది. 10 శాతం గ్లైకోలిక్ యాసిడ్‌ను 4 వారాలు వాడిన వారిలో ఎండకు చర్మం కందిపోయే గుణం సగటున 18 శాతం పెరిగిందని అమెరికాలో జరిగిన అధ్యయనంలో తేలింది. వాడకం ఆపిన వారంలోపే మళ్లీ మామూలైంది. అందుకే ఇలాంటి ఉత్పత్తులపై ‘ఎండలో జాగ్రత్త’ అనే హెచ్చరిక ఉండాలని ఎఫ్‌డీఏ 2005లోనే సూచించింది. మాండెలిక్ మెత్తనిదే అయినా అదే కుటుంబం. ఆ జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది.

అంటే ఏంటి? మచ్చలు పోవాలని రాత్రి సీరం పూసి, పొద్దున సన్‌స్క్రీన్ లేకుండా బైక్ మీద తిరిగితే కొత్త మచ్చలను పిలిచినట్టే. ఒక చేత్తో తుడుస్తూ, ఇంకో చేత్తో మసి పూసుకోవడమే.

పౌడర్‌కు 5 శాతం.. సన్‌స్క్రీన్‌కు 18!

మరి సన్‌స్క్రీన్ కొంటే సరిపోతుంది కదా అంటారా? అక్కడే జేబు లెక్క మొదలవుతుంది.

సీరం 30 మిల్లీలీటర్ల సీసా. వారంలో రెండు మూడు రాత్రులు నాలుగైదు చుక్కలు వాడితే నెలల తరబడి వస్తుంది. సన్‌స్క్రీన్ అలా కాదు. ముఖానికి, మెడకు ఒకసారి రెండు వేళ్ల నిండా, అంటే సుమారు 1 గ్రాము కావాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పూసినా 50 గ్రాముల ట్యూబు 25 రోజులకే ఖాళీ. ఎండలో ఉండేవాళ్లు రెండు గంటలకోసారి పూయాలంటే ఇంకా ముందే అయిపోతుంది. అంటే అసలు ఖర్చు సీరంది కాదు, దాన్ని కాపాడాల్సిన సన్‌స్క్రీన్‌ది.

2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ సంస్కరణల్లో టాల్కమ్ పౌడర్, ఫేస్ పౌడర్, షాంపూ, హెయిర్ ఆయిల్ 18 నుంచి 5 శాతానికి దిగాయి. సన్‌స్క్రీన్ మాత్రం 18 శాతంలోనే మిగిలింది. ఆ సంస్కరణలపై ‘సూపర్ జీఎస్టీ - సూపర్ సేవింగ్స్’ పేరుతో ప్రధాని నరేంద్ర మోదీ సభ జరిగింది కూడా కర్నూలు శివారులోనే, 2025 అక్టోబర్ 16న. అదే కర్నూలు ఎండలో తిరిగే అమ్మాయికి పౌడర్ డబ్బా ధర తగ్గింది. చర్మాన్ని కాపాడే ట్యూబు ధరలో పన్ను వాటా మారలేదు.

లెక్క చూస్తే, రూ.400 ఎంఆర్‌పీ ఉన్న సన్‌స్క్రీన్‌లో దాదాపు రూ.61 పన్నే. 5 శాతం శ్లాబులో ఉంటే అదే ట్యూబు దాదాపు రూ.356కు రావాలి. సన్‌స్క్రీన్‌ను అందం సామానుగా చూడాలా, ఆరోగ్య అవసరంగా చూడాలా అన్న ప్రశ్న రాయలసీమ లాంటి చోట మామూలు ప్రశ్న కాదు.

అసలు ముప్పు.. ‘తెల్ల ట్యూబు’

ఎండ కంటే పెద్ద సమస్య ఇంకోటుంది. ముఖంపై మొటిమ వచ్చినా, మంగు వచ్చినా, కాస్త తెల్లబడాలన్నా చాలామంది మొదట వెళ్లేది మెడికల్ షాపుకే. ‘ఒక క్రీమ్ ఇవ్వన్నా’ అంటే ఒక ట్యూబు చేతికొస్తుంది. వారంలోనే ముఖం నిగనిగలాడుతుంది. అందులో ఉన్నది బీటామెథాసోనో, మొమెటాసోనో, క్లోబెటాసోలో అయితే? అవన్నీ స్టెరాయిడ్లు.

స్టెరాయిడ్ క్రీములు చెడ్డవి కావు. సరైన జబ్బుకు, సరైన చోట, డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందులు. ముఖానికి నెలల తరబడి పూస్తేనే గొడవ. చర్మం పలుచబడుతుంది, ఎర్రటి సన్న రక్తనాళాలు బయటకు కనిపిస్తాయి, మొటిమలు గుంపులుగా వస్తాయి. ఆపితే ముఖం ఎర్రబడి మంట పుడుతుంది. మళ్లీ పూస్తే తగ్గుతుంది. ఇలా ఆ ట్యూబుకు బందీ అయిపోతారు. దీన్ని చర్మవైద్యులు ‘టోపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అంటారు.

దేశంలోని 12 కేంద్రాల్లో జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనం ఈ సమస్య లోతు చూపించింది. ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది, అంటే 14.8 శాతం మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నవారే. వారిలో 59.3 శాతం మందికి ఆ క్రీమ్ సూచించింది డాక్టర్లు కాదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన దుష్ప్రభావం ఏంటో తెలుసా? మొటిమలు రావడం, ఉన్నవి పెరగడం. 52 శాతం మందిలో ఇదే. మొటిమలకని మొదలుపెట్టిన క్రీమే మొటిమలు తెస్తోందన్నమాట.

2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ నిబంధన కాగితం మీద ఉంది. కౌంటర్ దగ్గర ఎంత అమలవుతోందో షాపుకు వెళ్లే ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఇప్పుడు ఈ రెండింటినీ కలిపి చూడండి. స్టెరాయిడ్‌తో పలుచబడిన ముఖం. దానిమీద రీల్ చూసి తెప్పించిన యాసిడ్ సీరం. పైన 45 డిగ్రీల ఎండ. మామూలు చర్మానికి మెత్తగా పనిచేసే మాండెలిక్, ఇక్కడ నిప్పులా తగులుతుంది. తప్పంతా సీరందే అనుకుని మళ్లీ పాత ట్యూబు దగ్గరకే వెళ్తారు. అందుకే సీరం కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ బ్రాండ్ మంచిది’ అని కాదు. ‘ఇప్పటివరకు నా ముఖానికి పూసిన ట్యూబులో ఏముంది’ అని.

లేబుల్ ఎలా చదవాలి?

ట్యూబు మీద ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటే అది డాక్టర్ చీటీతో అమ్మాల్సిన మందు. పేరులో బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ లాంటివి కనిపిస్తే స్టెరాయిడ్ ఉన్నట్టే. నెలల నుంచి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యుడిని కలవాలి.

సీరం విషయానికొస్తే అది మందు కాదు, చట్టం దృష్టిలో కాస్మెటిక్. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, ఎప్పటిలోగా వాడాలో తెలిపే తేదీ, లైసెన్స్ నంబర్, పదార్థాల జాబితా ఉండాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఇవేవీ లేని సీసా ఎంత చవకైనా వద్దు.

యాసిడ్ బలం శాతంలోనే ఉండదు, పీహెచ్‌లోనూ ఉంటుంది. అమెరికాలోని నిపుణుల కమిటీ 1998లో గ్లైకోలిక్, లాక్టిక్ యాసిడ్లకు ఇంట్లో వాడే ఉత్పత్తుల్లో 10 శాతం మించకూడదని, పీహెచ్ 3.5కు తగ్గకూడదని హద్దు గీసింది. మాండెలిక్‌కు కూడా 5 నుంచి 10 శాతం దాటకపోవడమే మంచిది.

నిమ్మరసం, సున్నిపిండి సంగతేంటి?

‘ఈ సీరంలెందుకు, నిమ్మకాయ రుద్దితే పోదా’ అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. నిమ్మరసం పీహెచ్ దాదాపు 2. అంటే సీరం కంటే చాలా ఘాటు. పైగా నిమ్మ రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు, నల్ల చారలు వచ్చే ప్రమాదం ఉంది. సున్నిపిండి ఒంటికి బాగానే ఉంటుంది కానీ, వాచిన మొటిమల మీద గట్టిగా రుద్దితే అవి చిట్లి మచ్చలు పడతాయి. ఇంటి చిట్కా అయినంత మాత్రాన సేఫ్ అని కాదు.

వాడాలనుకుంటే.. ఇలా వాడండి

* ముందు చెవి వెనకో, మోచేతి లోపలో కాస్త పూసి రెండు రోజులు చూడండి. దద్దుర్లు, మంట వస్తే ఆ సీసా మీకు కాదు.

* 5 శాతంతో మొదలుపెట్టండి. వారానికి రెండు రాత్రులు చాలు. ముఖం కడిగి, పూర్తిగా ఆరాకే పూయాలి. పైన మాయిశ్చరైజర్ తప్పనిసరి. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ అక్కర్లేదనేది అపోహ.

* పగలు వద్దు. మర్నాడు పొద్దున ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ పూయనిదే బయటకు వెళ్లొద్దు. దానికి బడ్జెట్ లేకపోతే సీరం కూడా కొనకండి.

* అడాపలిన్, ట్రెటినాయిన్ వాడుతున్నవారు అదే రాత్రి దీన్ని కలపొద్దు. షేవింగ్, థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించుకున్న రోజు మానేయండి.

* ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేనే తేడా తెలుస్తుంది. మూడు రోజుల్లో తెల్లబడితే సంతోషపడకండి, లేబుల్ అనుమానించండి.

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడిగాకే వాడాలి.

మరి ఎండలోనే బతుకుదెరువు ఉన్నవారి సంగతి? ఆదోని పత్తి యార్డులో, కర్నూలు ఉల్లి మార్కెట్‌లో, బేతంచెర్ల రాళ్ల యూనిట్లలో, డెలివరీ బైకుల మీద పగలంతా ఉండేవారికి రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ అయ్యే పని కాదు. వాళ్లు కనీసం వేసవిలో ఈ యాసిడ్ల జోలికి వెళ్లకపోవడమే మేలు. తలగుడ్డ, టోపీ, ముఖానికి పలుచని కాటన్ గుడ్డ ఏ సీరం కంటే ఎక్కువ కాపాడతాయి. మొటిమలు ఎక్కువగా ఉంటే అజెలాయిక్ యాసిడ్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటివి తమకు సరిపోతాయేమో డాక్టర్‌నే అడగాలి.

డాక్టర్ దగ్గరకు ఎప్పుడు?

గడ్డల్లా లోతుగా నొప్పిపెట్టే మొటిమలు, గుంతలు పడుతున్న మచ్చలు, అమ్మాయిల్లో మొటిమలతో పాటు నెలసరి తప్పడం, గడ్డంపై వెంట్రుకలు రావడం.. ఇవి ఉంటే సీరంతో టైమ్ వేస్ట్ చేయొద్దు. ఆలస్యమైతే గుంతలు శాశ్వతంగా మిగిలిపోతాయి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ప్రైవేటు ఫీజుకు భయపడి మెడికల్ షాపు సలహాకు వెళ్లేవారు ముందు ఆ తలుపు తట్టాలి. వెళ్లేటప్పుడు ఇప్పటివరకు వాడిన ట్యూబులు, సీసాలు అన్నీ కవర్‌లో వేసుకుని తీసుకెళ్తే డాక్టర్‌కు సగం పని అయిపోతుంది.

మాండెలిక్ యాసిడ్ మంచి పదార్థమే. మన రంగు చర్మానికి నప్పే గుణం దానికి ఉంది. అయితే సన్‌స్క్రీన్‌పై పన్ను తగ్గనంత కాలం, స్టెరాయిడ్ ట్యూబు చీటీ లేకుండా కౌంటర్ దాటుతున్నంత కాలం రాయలసీమలో ఆ మంచి సగం మందికే అందుతుంది. మిగతా సగానికి అందేది మంట, మచ్చ.